గేరు నూనె చూడ్డానికి ధర్మవరం దాకా

“గేరు నూనె చూసినావా?”

“చూసినా. నిండుగా ఉండాది. నువ్వు మాట్లాడొద్దు, పండుకో.”

మా ఆయన హనుమంతు నన్ను అడిగిన ఆఖరి మాట అది, నేను చెప్పిన ఆఖరి మాట ఇది. అనంతపురం ఆసుపత్రిలో అడిగాడు. పండుకోమన్నాను, పండుకున్నాడు, మళ్లీ లేవలేదు. ముప్పై ఏళ్ల కాపురంలో చివరికి మేము మాట్లాడుకున్నది ఒక బండి నూనె గురించి. అప్పుడు నాకది వింతగా తోచలేదు. మా ఇంట్లో ఆ బండి మూడో మనిషి.

నేను చెబుతుంటే మా ఆడబిడ్డ సరోజ రాస్తోంది. నాకు సంతకం వరకే వచ్చు. ఇంగ్లీషులో మాత్రం నాలుగు అక్షరాలు గుర్తుపడతాను: పి, ఆర్, ఎన్, డి. అవి బండి గేరు రాడ్డు పక్కన ఉంటాయి. పి అంటే నిలబడటం, ఆర్ అంటే వెనక్కి, ఎన్ అంటే ఊరికే ఉండటం, డి అంటే పోవడం. నా గొంతు గరుకు. పట్టుపురుగుల షెడ్డులో సున్నం పొడి చల్లీ చల్లీ అలా అయింది. నేను నోటికొచ్చినట్టు చెబుతుంటే సరోజ పుస్తకం మాటల్లోకి దిద్దుకుంటూ పోతోంది. దిద్దుకోనీ. మనుషులు అన్న మాటలను మాత్రం వాళ్లు అన్నట్టే ఉంచమన్నాను.

మాది పాత పికప్పు ట్రక్కు. బెంగళూరులో ఏదో ప్రాజెక్టు వాళ్లు వాడి వాడి వేలం వేస్తే ఆయన కొన్నాడు. అలాంటి బండి కోసం రెండేళ్లు వెతికాడు. ఎందుకంటే నాకు చిన్నప్పుడే పోలియో వచ్చి ఎడమ కాలు మోకాలి కింద బలం లేకుండా పోయింది. క్లచ్చు తొక్కలేను. ఈ బండికి క్లచ్చే లేదు. గేర్లు తమంతట తామే మారతాయి. “రత్నా, దీనికి కుడికాలొకటే చాలు, కూచో” అని తాళం నా చేతిలో పెట్టాడు. నలభై నాలుగేళ్లకు బండి నేర్చుకున్నాను. అమరాపురం చుట్టుపక్కల పల్లెల్లో రైతుల పట్టుగూళ్లు ఎత్తుకుని హిందూపురం మార్కెట్టుకు చేరవేయడం నా పని. ఆయన పోయాక కూడా ఆ పనే నా బతుకు.

మూడు నెలల కిందట బండికి రోగం మొదలైంది. ఒకటో గేరు నుంచి రెండుకు పోవాల్సిన చోట ఇంజను ఊరికే అరుస్తుంది, బండి పోదు. పోదు పోదు అనుకుంటుండగా వీపు మీద గుద్దినట్టు ఒక్క కుదుపుతో పోతుంది. గూళ్లు ఒకటి రెండు రోజుల్లో అమ్ముడుపోకపోతే లోపలి పురుగు రెక్కలొచ్చి గూడు చించుకుని బయటపడుతుంది. దారిలో ఆగిపోయే బండికి ఎవరు గూళ్లిస్తారు? అందుకే బయలుదేరాం, నేనూ సరోజా. మూడు రోజుల ప్రయాణం. పెద్ద దూరమేం కాదు. నాకు మాత్రం అంతకన్నా దూరపు ప్రయాణం ఇంకోటి లేదు.

హిందూపురం

మొదటి రోజు గూళ్లు మార్కెట్టులో దించాక మెకానిక్కు దగ్గరికి పోయాం. చూడనివాళ్లకు ఆ మార్కెట్టు గురించి ఒక మాట చెప్పాలి. తట్టల నిండా పసుపు, తెలుపు గూళ్లు. కొనేవాళ్లు వాటిని ఊరికే చూడరు. ఒక గూడు తీసి చెవి దగ్గర పెట్టి ఊపుతారు. లోపల పురుగు గలగలమంటే గూడు బాగా పండిందని లెక్క. కళ్లకన్నా చెవులను నమ్మే మనుషులు.

మెకానిక్కు మాత్రం చెవి పెట్టలేదు. బండి కిందికి ఒకసారి వంగి లేచాడు.

“ఏమక్కా, ఈ గేరుబాక్సు పాయ. దీన్ని ఈడ ఎవురూ ముట్టరు. తీసి పారేసి మామూలు బాక్సు ఏస్తాం. దుడ్లు కొంచెం ఎక్కువైతాయి, అంతే.”

“దానికి క్లచ్చు ఉంటాదా?”

“ఉండకుండా యాడ పోతాది?”

చీర కుచ్చిళ్లు కొంచెం ఎత్తి ఎడమ కాలికున్న ఇనుప పట్టీలు చూపించాను. చూసి చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు.

“డ్రైవర్ని పెట్టుకో అక్కా” అన్నాడు, ఈసారి మెల్లగా.

హోటల్లో రాగిముద్ద, ఆకుకూర సొప్పుసారు తింటుంటే సరోజ మాట ఎత్తుకుంది. మా సరిహద్దు వైపు వంటా అదే, మాటా అదే, సగం కన్నడం సగం తెలుగు. 

“ఆ కదిరి ఆయన బండి కొంటానని మూడుసార్లు ఫోన్ చేసినాడు. ఇచ్చేద్దాం వదినా. నువ్వొకదానివే ఆ బండేసుకుని పోతాంటే నేను ఇంట్లో ఫోన్ చేతిలో పట్టుకుని కూచుంటాండా.”

“మీ అన్న కొనిచ్చినాడే.”

“అన్న కొనిచ్చింది నువ్వు తిరుగుతావని. దావలో నిలబడతావని కాదు.”

పక్క బల్ల మీద గూళ్లు కొనే ముసలాయన ఒకడు భోంచేస్తున్నాడు. మా మాటలన్నీ విన్నాడు. విననట్టు నటించడం కూడా ఆయనకు రాలేదు.

“ధర్మవరంలో ఖాదర్ సాబని ఉండాడమ్మా. కువైటులో ఇరవై ఏండ్లు ఇట్లాంటి గేర్ల బండ్లే చేసినాడు. ఆయప్ప బాక్సు పోయిందంటే పోయినట్టే. అంతవరకూ అమ్మొద్దు” అని, సారు ఇంకో గరిటె వేయించుకున్నాడు.

అక్కడే నేనూ సరోజా ఒక మాట అనుకున్నాం. ఖాదర్ సాబు కూడా పోయిందంటే బండి కదిరాయనకు ఇచ్చేయడం. ఆ మాట మీద సరోజ చేయి పట్టుకుని ఒట్టు వేయించుకుంది.

పెనుకొండకు ముందు మిట్ట

రెండో రోజు పొద్దున హిందూపురంలోనే ఎప్పటిలాగే బండికి పూజ చేశాను. బండ్లున్న ఇళ్లలో మా వైపు అందరిదీ ఒకటే పద్ధతి. ముందు బొట్టు, తర్వాత నూనెలు, ఆ తర్వాతే తాళం. తాళం తిప్పాక ఇంజను మీది మూత ఎత్తడం శుభం కాదంటారు. స్టీరింగుకు కుంకుమ పెట్టి, ఇంజను నూనె కొలిచే పుల్ల తీసి చూశాను, నిండుగా ఉంది. గేరు నూనె పుల్ల తీసి చూశాను, అదీ నిండుగా ఉంది. ఆయన పోయినప్పటి నుంచి ఒక్క రోజు తప్పలేదు. ఆఖరున అడిగింది ఆ మాటే కదా. ఇంత నూనె ఉన్నా ఇలా అవుతోందంటే బాక్సు నిజంగానే పోయిందేమోనని నాకూ అనిపించడం మొదలైంది.

సోమందేపల్లి దాటేదాకా బాగానే వచ్చింది. ఎండెక్కింది. పెనుకొండ కొండ కనబడే చోట రోడ్డు ఎక్కుడు. అక్కడ ఇంజను గొంతు చించుకుంది, బండి మాత్రం నడుస్తున్న మనిషికన్నా మెల్లగా పోయింది, చివరికి అదీ పోలేదు. పక్కకు ఆపాను. చెనిక్కాయల లోడు లారీ ఒకటి వెనక ఆగింది. డ్రైవరు తాడు పట్టుకుని దిగాడు.

“కట్టుకోండక్కా, పెనుకొండ దాకా లాగిడుస్తా.”

“వద్దప్పా. ఈ బండిని తాడు కట్టి లాగకూడదు. చక్రాలు దొర్లితే లోపల గేర్లు చెడిపోతాయంట. మా ఆయన చెప్పినాడు.”

“అబ్బో, బండి కూడా మడి కట్టుకుంటాదా? ముట్టుకోకూడదా?”

“నీ లారీ మాదిరి అందరి తాళ్లూ కట్టించుకునేది కాదులే.”

పగలబడి నవ్వాడు. లాగకపోయినా వెళ్లిపోలేదు. లారీ నీడలో మమ్మల్ని కూర్చోబెట్టి, గుప్పెడు పచ్చి చెనిక్కాయలు ఇచ్చి, గంటసేపు తన ముగ్గురు కూతుళ్ల చదువుల గురించి చెప్పాడు. బండి చల్లబడ్డాక డి లో వేస్తే ఏమీ ఎరగనట్టు కదిలింది. అతను మా వెనకే మెల్లగా పెనుకొండ దాకా వచ్చి, హారను కొట్టి వెళ్లిపోయాడు. పేరు అడగలేదు. అదొక్కటీ మనసులో ఉండిపోయింది.

పెనుకొండ

దర్గా వైపు పోయే వీధిలో పూల అంగడి ముందు బండి మళ్లీ మొండికేసింది. అంగడావిడ పేరు మహబూబ్బీ. నా వయసే ఉంటుంది.

“ఏమమ్మా, నా బేరానికి అడ్డంగా పెట్టినావే. ఇది కోట గోడ అనుకుంటాండారు జనం.”

“చల్లబడితే పోతాదక్కా.”

“మొగోళ్ల కోపం మాదిరి చెప్తాండావే” అని స్టూలు రెండు వేసింది. చెంబుతో నీళ్లిచ్చింది. ఎదురు బండి మీద ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు తెప్పించింది. ప్లేటు ముప్పై రూపాయలు. బొరుగులు నానబెట్టి పప్పుల పొడి వేసి కలిపే ఉగ్గాని మా పల్లెలోనూ చేస్తాం, కానీ పెనుకొండ వాళ్లు నిమ్మకాయ ధారాళంగా పిండుతారు. ఉదయం నుంచి ఎండిన నోటికి అది ప్రాణంలా తగిలింది. డబ్బులు నన్ను ఇవ్వనివ్వలేదు.

లేస్తుంటే మూర మల్లెపూలు కొలిచి నా చేతిలో పెట్టబోయింది. చేయి వెనక్కి తీసుకున్నాను. ఆయన పోయాక నాకు పూలిచ్చినవాళ్లు లేరు. మా ఊళ్లో పేరంటానికి పిలిచినా తాంబూలం సరోజ చేతికే ఇచ్చి పంపుతారు. అది తప్పని నేనూ ఎప్పుడూ అనుకోలేదు.

మహబూబ్బీకి ఆ వెనక్కి తీసుకున్న చేయి అర్థమైంది.

“మా సాయబు పోయి పదేండ్లాయ. అప్పుడే పూలు ముట్టకూడదనుంటే నేను ఏం తిని బతకల్ల? నీకొద్దంటే బండికి కట్టు. దాని మొగుడేం పోలేదు కదా.”

సరోజ గతుక్కుమంది. నాకు మాత్రం నవ్వొచ్చింది. ఏడాదిగా లోపలే ఉండిపోయిన నవ్వంతా ఒకేసారి వచ్చింది. మల్లెపూలు అద్దానికి కట్టాం. ఆ రాత్రి మహబూబ్బీ ఇంట్లోనే పండుకున్నాం. పొద్దున దర్గాలో చక్కెర చదివించి పొట్లం కట్టిచ్చి, బండికి కూడా చిటికెడు పెట్టమంది. ఎక్కడ పెట్టాలో తెలియక గేరు రాడ్డు మీద చల్లాను. ఇంటికొచ్చేదాకా దాని చుట్టూ చీమలే.

ధర్మవరం

మీరు ధర్మవరం చీర కట్టుకునే ఉంటారు. ఊరు మాత్రం చూసి ఉండరు. వీధిలోకి తిరగ్గానే ముందు చప్పుడు వస్తుంది. ఇంటింటా మగ్గం. కొన్ని చోట్ల మరమగ్గాల దడదడ, దాని మధ్య చేతిమగ్గం మెల్లగా టక్కు, టక్కు. మా ఊళ్లో మనిషి గడప మీద కూర్చుంటాడు, ఇక్కడ గుంతలో కాళ్లు పెట్టి మగ్గం ముందు కూర్చుని వీధిలోవాళ్లతో మాట్లాడతాడు.

ఖాదర్ సాబు షెడ్డు ఒక మగ్గం ఇంటికి ఎదురుగా ఉంది. అరవై ఐదేళ్లుంటాయి. దారంతో కట్టిన కళ్లద్దాలు. ముందు పాలు లేని నిమ్మకాయ టీ ఇచ్చాడు. కువైటు అలవాటంట. టీ తాగేదాకా బండి వైపు చూడలేదు.

“నువ్వు తోలు తల్లీ. నేను ఇంటాను” అన్నాడు తర్వాత.

పక్కన కూర్చుని కళ్లు మూసుకున్నాడు. హిందూపురం మార్కెట్టులో గూడు ఊపే మనుషులు గుర్తొచ్చారు. డి లో వేయమని, వేసిన క్షణం నుంచి వేళ్లు మడిచాడు. ఒకటి, రెండు, మూడు. అప్పుడు పట్టుకుంది బండి.

“ఒకటి లోపల పట్టుకోవల్ల” అన్నాడు. “పొద్దున బాగుండి ఎండెక్కినాక చెడుతాదా?”

“అవునన్నా.”

“మిట్టల్లో ఎక్కువా?”

“అవు.”

“ఆపి చల్లబడితే మళ్లా మంచిదైతాదా?”

“మంచిదైతాది. నువ్వు మా వెనకాలే వచ్చినట్టు చెప్తాండావే.”

“నేను రాలేదు, రోగం వచ్చింది. నూనె ఎట్ల చూస్తావో చూపీ.”

అది నాకు బాగా వచ్చిన పని. బండి ఆపేసి, మూత ఎత్తి, పుల్ల తీసి తుడిచి మళ్లీ పెట్టి తీశాను. గీత దాకా నూనె. గర్వంగానే చూపించాను. ఆయన బండి స్టార్ట్ చేయమన్నాడు. బ్రేకు మీద కాలు పెట్టి అన్ని అక్షరాల మీదుగా రాడ్డును మెల్లగా తిప్పి మళ్లీ పి లో పెట్టమన్నాడు. ఇంజను నడుస్తుండగానే పుల్ల తీసి నా ముందు పెట్టాడు.

కొసకు మాత్రం తడి. గీత దరిదాపుల్లో నూనె లేదు.

“ఇంజను నూనె బండి ఆపి చూడల్ల. ఈ గేరు నూనె బండి నడుస్తాండగా, వేడి మీద చూడల్ల. ఆపితే పైకి పోయిన నూనంతా కిందికి దిగొస్తాది. లేంది ఉన్నట్టు కనిపిస్తాది. ఎన్ని దినాలాయ నువ్వు ఇట్ల చూడబట్టి?”

 నాకు మా వాకిలి కనబడుతోంది. ప్రతి సాయంత్రం నేను బండి తెచ్చి వాకిట్లో దిగాక ఆయన ఇంజను ఆపేవాడు కాదు, అలాగే నడుస్తుండగా మూత ఎత్తి వంగేవాడు. నేను వంటింట్లోంచి అరిచేదాన్ని: “బండి ఆపయ్యా, డీజిలేమన్నా కుళాయిలో వస్తాదా?” ఆయన నవ్వి “ఆపుతాలే” అనేవాడు. ఆరేళ్లు అరిచాను. ఒక్కసారైనా బయటికొచ్చి ఏం చేస్తున్నాడో చూడలేదు. ఆసుపత్రిలో ఉన్నప్పుడు మాత్రం పొద్దున్నే పూజ చేసి, పుల్ల చూసి, నిండుగా ఉందని చెప్పాను.

ఖాదర్ సాబు పుల్లను తెల్లగుడ్డకు తుడిచి వాసన చూశాడు. కొత్త నూనె దానిమ్మ రసంలా ఎర్రగా ఉంటుందంట. మాది టీ డికాషన్ రంగు. “కాలిన వాసన లేదు. కానీ ఇప్పుడే ఏమీ చెప్పను. కింద నూనె తట్ట ఇప్పల్ల. దాంట్లో అయస్కాంతం ఉంటాది. మెరిసే ఇనుప ముక్కలుంటే బాక్సు పోయినట్టు. బూడిద మాదిరి ఉంటే బతికినట్టు.”

బండి చల్లబడాలని మమ్మల్ని ఎదురు మగ్గం ఇంటికి పంపాడు. ఆ ఇంటావిడ వేడి ఓళిగలు, అదే బొబ్బట్లు, పెట్టి నెయ్యి పోసింది. మగ్గం మీద చిలకపచ్చ చీర సగం నేసి ఉంది. పట్టు ఎక్కడిదంటే హిందూపురం గూళ్లదని చెప్పింది. ఏడేళ్లుగా గూళ్లు మోస్తున్నాను, అవి ఏమవుతాయో కళ్లతో చూడలేదు.

“ముట్టుకోమ్మా, నీ సొమ్మే కదా” అంది.

ముట్టుకున్నాను. చేయి చల్లగా జారింది. ఓళిగ మాత్రం తినలేకపోయాను. సరోజతో అప్పుడు చెప్పాను, వాకిట్లో బండి ఆపమని ఏమని అరిచేదాన్నో, ఆసుపత్రిలో ఆయన ఏమడిగాడో, నేనేం చెప్పానో. అంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

“లేని నూనె ఉండాదని చెప్పి పంపినా సరోజా, మీ అన్నను.”

సరోజ ఓళిగ ముక్కలు చేస్తూ కూర్చుంది.

“అన్న అడిగింది చూసినావా అని. చూసినావు కదా. దినమూ చూసినావు కదా” అంది చివరికి. ఒక ముక్క తీసి నా నోట్లో పెట్టింది.

షెడ్డు నుంచి పిలుపొచ్చింది. ఖాదర్ సాబు తట్ట దించి నేల మీద పెట్టాడు, లోపలికి తాను చూడలేదు. “బండి నీది. నువ్వే చూడు” అన్నాడు.

వంగలేను, నేల మీద కూర్చున్నాను. అయస్కాంతం బొటనవేలంత ఉంది. దాని మీద నల్లటి ముద్ద. వేలితో తీశాను. మెత్తగా ఉంది. గుడ్డ మీద రుద్దాను, వెలుతురుకు పట్టాను. మళ్లీ రుద్దాను. ఎక్కడా మెరవలేదు. మెత్తటి బూడిద.

“బతికింది” అన్నాడు ఖాదర్ సాబు.

సరోజ కువైటు మనిషి ఎదుట నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది. బండి అమ్మేద్దామన్నది తనే.

రేడియేటరుకు పోయే గొట్టం ఒకచోట చిట్లి, చుక్కచుక్కగా కారుతోందంట. దుమ్ము పట్టేసి తడి కనబడలేదు. గొట్టం మార్చాడు, లోపలి జల్లెడ కడిగాడు, అట్ట కత్తిరించి తట్టకు కొత్త అంచు వేశాడు, ఎర్ర నూనె పోశాడు. సాయంత్రం స్టేషను దాకా తోలాను. ఒకటి ఎప్పుడు రెండయిందో, రెండు ఎప్పుడు మూడయిందో తెలియలేదు. ఖాదర్ సాబు మళ్లీ కళ్లు మూసుకున్నాడు. ఈసారి వేళ్లు మడవలేదు. నిద్రపోయాడేమో అనుకున్నాను.

“మీ ఆయప్ప బండిని బాగా చూసుకున్నాడమ్మా” అన్నాడు కళ్లు తెరవకుండా. “ఇంత పాత బండిలో ఇంత మెత్తని బూడిద నేను చూళ్లేదు.”

మళ్లీ మా వాకిలి

తిరుగు దారిలో పెనుకొండలో మహబూబ్బీ అంగడి ముందు ఆపకుండా పోతే బాగుండదని ఆపాం. మిట్ట మీద బండి ఎలా వచ్చిందో చెబితే “చక్కెర పని చేసింది” అంది. నూనె సంగతి చెప్పలేదు. ఆమె పుణ్యం ఆమెకుండనీ. మూర మల్లెపూలు మళ్లీ ఇచ్చింది. ఈసారి సగం బండికి కట్టి, సగం నేనుంచుకున్నాను.

కదిరాయనకు సరోజే ఫోన్ చేసి లేదని చెప్పింది. పొద్దున బొట్టు పెట్టడం మానలేదు, ఇంజను నూనె అప్పుడే చూస్తాను. గేరు నూనె మాత్రం సాయంత్రం గూళ్లు దించి వచ్చాక, వాకిట్లో బండి నడుస్తుండగా, ఆయన వంగిన చోటే ఆనుకుని చూస్తాను. మొన్న అలా చూస్తుంటే లోపలి నుంచి సరోజ అరిచింది, “వదినా, బండి ఆపు, డీజిలేమన్నా కుళాయిలో వస్తాదా?” ధర్మవరంలో నేను చెప్పింది గుర్తు పెట్టుకుని కావాలనే అంది. “ఆపుతాలే” అన్నాను. అని, పుల్ల తుడిచి మళ్లీ పెట్టి తీసి చూశాను. గీత దాకా ఉంది, ఎర్రగా.

అంతే సరోజా, కలం పెట్టేయ్. ఇప్పుడు రాసిందంతా ఒకసారి నాకు చదివి వినిపించు. మొదట మీ అన్న అడిగిన మాట ఉంది కదా, అది ఆయన అడిగినట్టే మెల్లగా చదువు. నేను చెప్పిన జవాబు నువ్వు చదవొద్దు. అది నేను చెబుతాను.